ఒకే రోజు చెక్కిన రెండు పేర్లు

మా చర్చిలో పెండ్లి జరగాలంటే ముందుగా మూడు ఆదివారాలు ఆ ఇద్దరి పేర్లను పాస్టరుగారు బిగ్గరగా చదవాలి. ఫలానా వారి కుమారుడు, ఫలానా వారి కుమార్తె వివాహం చేసుకోవడానికి నిశ్చయించుకున్నారు, అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే తెలియజేయాలి అని చెప్పి, ఆయన కాగితం మీద నుంచి తల ఎత్తి కొంతసేపు ఆగుతారు. ఆ కొంతసేపు ఎంత పొడుగో పెండ్లికొడుకులకే తెలుసు. రెండేళ్ళ కిందట నా పేరు ఆ కాగితం మీదికి ఎక్కాలని నేను ఎంతగానో కోరుకున్నాను. నా పేరు ఎక్కడంలో ఇబ్బంది ఏమీ లేదు. దాని పక్కన ఏ అమ్మాయి పేరు ఉండాలని కోరుకున్నానో ఆమె నాన్న దానికి ఒప్పుకోవాలి. ఇబ్బంది అంతా అక్కడే ఉంది.

మా ఊరు దమ్మపేట మండలంలో పామాయిల్ తోటల నడుమ ఉంటుంది. చర్చి ఒక్కటే. అందులో ముందు నాలుగు వరుసల బెంచీలు, వాటి వెనుక జంపఖానాలు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ నిర్ణయించలేదు, ఎక్కడా రాసి పెట్టలేదు. అయినా ఉద్యోగాలు, తోటలు ఉన్న కుటుంబాలు బెంచీల మీద, మాలాంటి కూలిపని, చేతిపని కుటుంబాలు జంపఖానాల మీద కూర్చోవడం నేను పుట్టక ముందు నుంచీ జరుగుతున్నది. ఆమె కుటుంబం మొదటి బెంచీ. ఆమె తండ్రి ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. సంఘ పెద్ద. ఊరంతా ఆయనను పెద్దసారు అని పిలుస్తుంది.

మా నాయన రాయి చెక్కుతాడు. ఖమ్మం నుంచి లారీలో వచ్చే గ్రానైటు పలకలను రోడ్డు పక్క రేకుల షెడ్డులో దించుకుని, వాటి మీద పేర్లు చెక్కి ఇస్తాడు. సమాధి రాళ్ళు, ప్రారంభోత్సవ ఫలకాలు, గుమ్మం మీద పెట్టే ఇంటిపేర్లు, అన్నీ చేస్తాడు. ఆయనకు చదవడం రాదు. కాగితం మీద రాసి ఇచ్చిన అక్షరాన్ని రాతి మీద దించుకుని, ఆ ఆకారాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కగలడు. ఆ చెక్కిన గాడుల్లో మా అమ్మ తెల్లరంగో బంగారురంగో నింపుతుంది. ఆమె కూడా బడికి పోలేదు. మా ఇంట్లో ప్రతి రోజూ ఎన్నో అక్షరాలు తయారయ్యేవి. వాటిని చదివే మనిషి మాత్రం నేను బడిలో చేరేవరకు లేడు. తరువాత మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి కూడా నేనే అయ్యాను. చరిత్రలో ఎం.ఏ. చేశాను.

మా నాయనకు ఒక పద్ధతి ఉంది. పెండ్లయినవారు చనిపోతే, వారి సమాధి రాతి మీద పేరును పై సగంలోనే చెక్కి, కింది సగం ఖాళీగా వదిలేస్తాడు. దాన్ని ఆయన జోడు జాగ అంటాడు. బతికి ఉన్న భర్తకో భార్యకో అది కేటాయింపు. ఆ ఖాళీలో వాక్యం చెక్కమనో పువ్వు చెక్కమనో ఎవరైనా అడిగితే, “గది మీది కాదు, ఆయనది” అని ఉలి పక్కన పెట్టేస్తాడు. ఈ ఒక్క విషయంలో ఆయన ఎవరి మాటా వినడు.

ఎం.ఏ. అయిన తరువాత భద్రాచలంలోని ఒక డిగ్రీ కళాశాలలో గెస్టు లెక్చరరుగా చేరాను. నది ఇవతల బూర్గంపాడులో గది కిరాయికి తీసుకుని, రోజూ వంతెన దాటి వెళ్ళేవాణ్ణి. చేరిన వారానికి గ్రంథాలయంలో అడుగుపెట్టాను. బల్ల వెనుక కూర్చుని ఉన్న లైబ్రేరియనును చూసి వాకిట్లోనే ఆగిపోయాను. పెద్దసారు కూతురు. ఇరవై ఏళ్ళుగా ఒకే చర్చిలో ఆమె జడను వెనుక నుంచి చూశానే తప్ప, ముఖాన్ని ఇంత దగ్గరగా చూసింది అదే మొదటిసారి.

ప్రాచీన రోము పాఠం కోసం ఆ గ్రంథాలయంలో పుస్తకాలు వెతికాను. ఒక పెద్ద పుస్తకం దొరికింది. నిండా రోమను సమాధి రాళ్ళ ఛాయాచిత్రాలు. నేను రాళ్ళ షెడ్డులో పెరిగిన వాణ్ణి. తెరిచిన పుస్తకాన్ని మూయకుండానే ఆమె బల్ల దగ్గరికి పట్టుకుపోయాను.

“మేడం, ఇది రెండు రోజులు ఇంటికి ఇస్తరా?”

“రెఫరెన్సు. ఇయ్యం.”

“రేపు పొద్దున తెచ్చిస్త.”

“ప్రిన్సిపాల్ సారుకే ఇయ్యలే. మీరు గెస్టు.”

“మనది ఒకటే ఊరు గద మేడం.”

ఆమె రిజిస్టరు మూసి నన్ను నేరుగా చూసింది. “అవ్, ఒకటే ఊరు. ఇరవై ఏండ్లల్ల ఒక్కసారన్న పలకరిచ్చిన్రా?”

“మీరు బెంచీ మీద ఉండేటోళ్ళు.”

“బెంచీ మీదున్నోళ్ళకు చెవులుండయా?”

ఆ పుస్తకాన్ని అక్కడే కూర్చుని చదవడానికి రోజూ సాయంత్రం నాలుగింటికి వెళ్ళడం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి నేను చదివినది ఆమెకు చెప్పడం, ఆమె నన్ను ఎగతాళి చేయడం అలవాటైంది. రోములో బానిసకు పెండ్లి చేసుకునే హక్కు లేదని, ఇద్దరు బానిసలు ముప్పై ఏళ్ళు కలిసి బతికినా చట్టం దృష్టిలో వారు భార్యాభర్తలు కారని చెప్పాను. యజమాని తన బానిస స్త్రీకి స్వేచ్ఛ ఇచ్చి పెండ్లాడితే లోకం పెద్దగా తప్పు పట్టేది కాదని, అదే ఒక పెద్దింటి స్త్రీ తన దగ్గర బానిసగా ఉండి విడుదలైన వాణ్ణి ప్రేమిస్తే మాత్రం ముఖం చిట్లించేదని చెప్పాను. స్వేచ్ఛగా పుట్టిన స్త్రీ ఇంకొకరి బానిసతో కాపురం చేస్తే ఆమె తన స్వేచ్ఛనే కోల్పోయే చట్టం కూడా ఉండేదని చెప్పాను.

ఆమె గడ్డం కింద చేయి పెట్టుకుని విని, “అంటే మొగోడు కిందికి దిగితే దయ, ఆడది దిగితే నేరం” అన్నది.

“అంతే మేడం.”

“మన ఊళ్ళె గూడ అంతే గద. ఏం మారలే.” రిజిస్టరు దగ్గరికి లాక్కుని, “మీరు నన్ను ఇంకా మేడం అనుడు ఆపరా?” అన్నది.

ఆ రోజు వంతెన మీదుగా వస్తుంటే గోదావరి నాకోసమే నిండుగా ఉన్నట్లనిపించింది. పరీక్ష ఫలితాల రోజున కూడా నేను అంత సంతోషపడలేదు.

మా విషయం మాకు స్పష్టమయ్యేసరికి దసరా సెలవులు దగ్గరపడ్డాయి. వాళ్ళ నాన్నకు చెప్పకుండా ఏమీ చేయకూడదని ఆమె, చెప్పే ధైర్యం చాలక నేను, ఇద్దరం ఆగిపోయాం. రిజిస్టరు ఆఫీసుకు పోదామని స్నేహితులు సలహా ఇచ్చారు. ఆమె ఒప్పుకోలేదు. “మా అమ్మ పెండ్లప్పుడు గా చర్చిలనే పేర్లు చదివిన్రు. నా పేరు గూడ గాడనే చదవాలె. మా నాన్న మొదటి బెంచీల ఉండంగ చదవాలె” అన్నది. వాళ్ళ అమ్మ చనిపోయి నాలుగేళ్ళు. ఆ సమాధి రాయి మా నాయనే చెక్కాడు.

అట్లాంటి రోజుల్లో ఆ పుస్తకంలోని ఒక బొమ్మ నన్ను పట్టుకుంది. నిలువుపాటి రాయి. పైన ఒక స్త్రీ, ఒక పురుషుడు కుడిచేతులు కలుపుకుని నిలబడి ఉన్నారు. వారి కింద రెండు పేర్లు. మొదటి పేరు భర్తది, ఒకప్పటి బానిస. రెండవది భార్యది, స్వేచ్ఛగా పుట్టిన స్త్రీ. భర్త చనిపోతే ఆమె నిలబెట్టించిన రాయి అని పుస్తకంలో ఉంది. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ బొమ్మను తరగతిలో నల్లబల్ల మీద గీసి పాఠం చెప్పాను. అడవి లోపలి ఊరి నుంచి వచ్చే ఒక విద్యార్థిని లేచి, “సార్, గా రాయి చెక్కినాయన ఎవరు?” అని అడిగింది. పుస్తకంలో లేదన్నాను. “ఆయనకు తెలుస్తది గద సార్, వాళ్ళ సంగతి” అని ఆ అమ్మాయి కూర్చుంది.

నేను సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. రాయి చెక్కేవాడు మా ఇంట్లోనే ఉన్నాడు! ఆ సంగతి నాకు ఇంతవరకు ఎందుకు తట్టలేదు? పుస్తకం గ్రంథాలయం బయటికి రాదు కాబట్టి పెద్దసారు కూతురి చేతనే ఫోనులో ఫొటో తీయించి, జిరాక్సు దుకాణంలో పెద్ద కాగితం మీద ప్రింటు వేయించాను. శనివారం మధ్యాహ్నం బస్సు ఎక్కి దమ్మపేటలో దిగేవరకు ఆ కాగితాన్ని మడవకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మా నాయన షెడ్డులో ఉలికి పదును పెడుతున్నాడు. అమ్మ ఒక ఫలకం మీద రంగు నింపుతున్నది. కాగితం ఆయన చేతిలో పెట్టి, “నాయినా, ఇది చూడు. శాన పాత రాయి. సముద్రాల అవతలిది. చెక్కినాయన ఎట్ల చెక్కిండో చెప్పు” అన్నాను.

ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని కాగితాన్ని వెలుగులోకి తీసుకుపోయాడు. ముందు బొమ్మలను చూడలేదు. గాడుల నీడలు చూశాడు.

“పొద్దుగాల తీసిండ్రు ఫొటో. ఎండ పక్కకెల్లి పడ్డది. మంచిగైంది, లోతు తెలుస్తంది.” చాలాసేపు చూశాడు. జేబులోంచి దారం ముక్క తీసి పై అక్షరం మీద పెట్టి, అదే దారాన్ని కింది అక్షరం మీదికి జరిపాడు. ఇంకొక అక్షరం. ఇంకొకటి.

“ఈ రెండు పేర్లు ఒక్కనాడే కొట్టిండు” అన్నాడు.

“ఆయన ముందుగాల చచ్చిపోయిండు నాయినా. ఆమె పేరు తర్వాత చేర్పిచ్చిన్రేమో.”

“లే. తర్వాత కొడితే రాయి నిలబడి ఉంటది గద. కింది వరస కొట్టాలంటె గొంతుక్కూసోవాలె. చెయ్యి జారుద్ది, నిలువుగీత ఒక దిక్కు ఒరుగుద్ది. నేనెన్ని కొట్టలే గట్ల? గిది సూడు, ఒక్కటి ఒరగలే. పండబెట్టిన రాయి మీద కొట్టిన పేర్లివి. పైదెంతనో కిందిది గంతే. ఒకటే చెయ్యి, ఒకటే ఉలి.”

“అంటే?”

“అంటే ఏందిరా, ఆమె బతికుండంగనే తన పేరు కొట్టిచ్చుకున్నది. రాయి పక్కన్నే నిలబడ్డది. ఆయన పేరెంతుంటే నాదీ గంతే ఉండాలె అని చెప్పింది.”

“చెప్పిందని నీకెట్ల తెలుసు?”

ఆయన నావైపు వింతగా చూశాడు. “చెప్పకుంటె మేం గట్ల కొట్టం గద. పెద్దింటోళ్ళ పేరు పెద్దగ కొడతం, మనసొంటోళ్ళ పేరు చిన్నగ కొడతం. ఎవరూ అడగరు. చెయ్యే గట్ల పోద్ది. గీ రాయి మీద పోలే అంటే, ఎవరో పక్కన నిలబడి పట్టుబట్టిండ్రు.”

అన్ని వందల ఏళ్ళ కిందటి ఒక స్త్రీ ఒక షెడ్డులో నిలబడి, రాళ్ళ మనిషితో వాదించి, ఒకప్పటి బానిస పేరును తన పేరు పక్కన సమానంగా నిలబెట్టుకున్న దృశ్యాన్ని, ఒక్క అక్షరం చదవలేని మా నాయన దారం ముక్కతో చదివాడు. నేను ఆయన చేతిలోని కాగితం లాక్కుని మళ్ళీ చూసి, మళ్ళీ ఆయనకే ఇచ్చి, షెడ్డులో అటూ ఇటూ తిరగసాగాను.

అమ్మ కుంచె ఆపింది. “ఆమె పెద్దింటి పిల్లనా?”

“అవ్.”

“ఆయన?”

“బానిసగా ఉండి విడుదలైనోడు.”

“గయ్యన్నీ ఎప్పటియో గద. దానికి నువ్వెందుకు గంతగనం ఎగురుతున్నవ్?” కుంచెను డబ్బా అంచుకు తుడిచి, తాపీగా అడిగింది. “మొదటి బెంచీ పిల్లనా?”

మా అమ్మకు చదువు రాదని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను.

సోమవారం నాలుగు ఎప్పుడవుతుందా అని చూసి గ్రంథాలయానికి పరుగెత్తాను. మా నాయన చెప్పినదంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆమె పుస్తకం తెచ్చి, దారం లేక తన చున్నీ అంచుతో కొలిచి చూసింది. కొలిచిన చోటే వేలు ఉంచి, “ఆమె గా రాయి కాడికి పోయి నిలబడ్డది. నేను గీడ కూసొని భయపడుతున్న” అన్నది. ఆ సాయంత్రమే ఊళ్ళో ఉన్న వాళ్ళ నాన్నకు ఫోను చేసి విషయం చెప్పింది. ఆయన కోప్పడలేదట. “ఆదివారం వాళ్ళ పెద్దవాళ్ళను రమ్మను, మాట్లాడతా” అని మాత్రం అన్నారట. అది అవునో కాదో ఆమెకూ తెలియలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మేం ముగ్గురం వాళ్ళింటికి బయలుదేరాం. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అమ్మ క్రిస్మస్‌కు కొన్న చీర కట్టింది. దారిలో పండ్లు కొనడానికి నేను బండి దగ్గర ఆగాను. మీరు నడుస్తూ ఉండండి, వస్తానన్నాను. నేను చేసిన పొరపాటు అదే. ఇంకొక మాట చెప్పవలసి ఉండింది. అది చెప్పవలసిన మాట అని నాకు తోచనే లేదు.

నేను పండ్ల సంచితో వెళ్ళేసరికి వాళ్ళ ముందు వరండాలో చెప్పులు లేవు. అమ్మానాయనలు ఇంకా రాలేదనుకున్నాను. పెద్దసారు హాలులో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు. కూర్చోమన్నారు. రోము గురించి ఏం చెబుతున్నావని అడిగారు. నేను నిలబడి పాఠం అప్పజెప్పినట్లు చెప్పాను. కూర్చోమని మళ్ళీ అన్నారు. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి.

“మీ అమ్మానాన్నలు?”

“దారిలో ఉన్నారు సార్. నాకన్నా ముందే బయలుదేరారు.”

ఆయన గోడ గడియారం చూశారు. నలభై ఏళ్ళు బడి గంట కొట్టించిన మనిషి. “మొదటిరోజే ఆలస్యం” అన్నారు. నా చేతిలోని బత్తాయిలు ఒక్కసారిగా బరువెక్కాయి. అప్పుడు వంటింటి వైపు నుంచి ఆమె దాదాపు పరుగున వచ్చింది.

“నాన్నా, వాళ్ళొచ్చి అరగంటైంది! ఎనక పెరట్ల కూసున్నరు. వాళ్ళమ్మ మన గోంగూరంత తెంపి, ఆకు ఒలిచి పెట్టింది.”

నాకు అర్థమైంది. మా నాయన ఆ ఇంటికి ఇరవై ఏళ్ళుగా వస్తున్నాడు. రాయి పని మాట్లాడడానికి, కొలతలు తీసుకోవడానికి, పలక దింపడానికి, ఎప్పుడు వచ్చినా పక్క సందులో నుంచి వెనుక గేటుకే వచ్చాడు. ఈ రోజు వియ్యం అడగడానికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ సందులో నుంచే వచ్చి, ఎవరైనా పిలిచేవరకు కూర్చున్నాడు. ముందు గుమ్మం నుంచి పొమ్మని చెప్పవలసింది నేను. అమ్మ ఖాళీగా కూర్చోలేక పని అందుకుంది. అంతా అయిపోయిందనుకున్నాను. మేం ఎవరమో మేమే చూపించుకున్నట్లయింది.

పెద్దసారు లేచి పెరట్లోకి నడిచారు. వెనుక నేను, ఆమె. మా నాయన బట్టలుతికే బండ అంచున కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. అమ్మ ఒడిలోని గోంగూర కాడలను కిందికి దులిపింది.

“ఇదేందయ్యా? వియ్యం అడగనీకి వచ్చి ఎనక కూసున్నవ్?”

“కాళ్ళు గిటే వచ్చినయ్ సారు” అన్నాడు మా నాయన.

పెద్దసారు నవ్వలేదు. “నేను కోపంతో అడుగుత లేను. ఒక్కటి చెప్పు. రేపు నా బిడ్డ నీ కోడలైతది. మీరంతా కలిసి మా ఇంటికొస్తరు. నువ్వు ఎనకనుంచి వస్తె నా బిడ్డ ఎటునుంచి రావాలె? మా అన్నదమ్ములంత చూస్తుంటరు. గది ఆలోచించినవా?”

మా నాయన తువ్వాలును చేతిలోకి తీసుకుని నేలవైపు చూశాడు.

“సారు, అమ్మగారి రాయి మీద కింది సగం జాగ ఇడిసిన. ఎందుకిడిసినవని మీరు ఏనాడు అడగలే.”

పెద్దసారు ముఖం మారింది. “చూసిన.”

“పాస్టరుగారు గాడ వాక్యం కొట్టమన్నరు. నేను కొట్టలే.”

“తెలుసు. నాకు చెప్పిండు. నేనే ఊకోమన్న.”

“గది మీ జాగ సారు.”

పెద్దసారు నీళ్ళ తొట్టివైపు తిరిగారు. అటే చూస్తూ, “ఎంత ఎత్తుల కొడతవ్ నా పేరు?” అని అడిగారు.

“అమ్మగారిదెంతనో గంతే. రెండంగుళాలు.”

“నా డిగ్రీలు?”

“పట్టయ్ సారు.”

“హెడ్మాస్టరు అనన్నా?”

“గది గూడ పట్టదు. పేరొక్కటే పడతది.”

“ఇంకొంచెం సన్నగ కొడితె?”

“సన్నగ కొడితె అమ్మగారి కన్న మీరు చిన్నగైతరు గద సారు.”

పెద్దసారుకు ముందు ముక్కులో నుంచి చిన్న శబ్దం వచ్చింది. తరువాత భుజాలు కదిలాయి. తరువాత పెద్దగా నవ్వారు. మొదటి బెంచీలో నేను ఎన్నడూ వినని నవ్వు అది. ఆమె నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మా నాయన మాత్రం నవ్వలేదు. పని గురించి మాట్లాడేటప్పుడు ఆయన నవ్వడు.

“పండబెట్టిన రాయి మీద ఎక్కువ తక్కువ ఉండది సారు. చెయ్యే చేస్తది ఎక్కువ తక్కువ. కాళ్ళు గూడ గంతే. చెప్తె వింటయ్. ఎవరన్న పక్కన నిలబడి చెప్పాలె” అన్నాడు.

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వు వల్లనో మరి దేనివల్లనో నాకు తెలియదు. బండ మీద మా నాయన లేచిన చోటు పక్కన తను కూర్చుని, ఆయనను చేయి పట్టి లాగి కూర్చోబెట్టారు.

“నేను చెప్తున్న విను. వచ్చుడు ఎనకనుంచి వచ్చిన్రు. పోవుడు ముందటినుంచి పోవాలె. గది ఒక్కటే నా షరతు. బిడ్డా, చాయ్ గిటే తే.”

ఆమె అక్కడి నుంచి కదలలేదు. “నాన్నా, అంటే అవునన్నట్టా?”

“చాయ్ తెమ్మన్న.”

“అవునన్నట్టా కాదన్నట్టా?”

“నీ పేరు చదివేనాడు పాస్టరు గొంతు సరిగ లేకుంటె నేనే చదువుత. చాలా?”

నేను ఏం చేశానో నాకు సరిగా గుర్తు లేదు. బత్తాయిల సంచి తొట్టి గట్టు మీద పెట్టబోయి నీళ్ళలో వేశానని, అవి తేలుతుంటే అమ్మ ఒక్కొక్కటే ఏరి తీసిందని ఆమె ఇప్పటికీ చెబుతుంది.

చాయ్ తాగాక అందరం ఇంటి లోపలి నుంచి ముందు గుమ్మానికి నడిచాం. హాలు దాటుతుంటే మా నాయన గోడమీది ఫొటోల వైపు గానీ సోఫా వైపు గానీ చూడలేదు. గచ్చు రాళ్ళ అతుకులు చూసుకుంటూ నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి గొణిగాడు. “చెప్పులు ఎనక ఉన్నయ్ సారు.”

ఆయన వెనక్కి తిరగబోయేంతలో ఆమె వెళ్ళి ఆ చెప్పులను, మా అమ్మ చెప్పులను తెచ్చి ముందు మెట్ల మీద పెట్టింది. మా అమ్మ, “అయ్యో బిడ్డా, ఏంది గీ పని!” అని రెండు చేతులూ పట్టుకుంది.

“గోంగూర ఒలిచినందుకు, లెక్క సరి” అన్నది ఆమె.

మూడు వారాల తరువాత మా పేర్లు చదివే మొదటి ఆదివారం వచ్చింది. ఆ ఉదయం ఆమె చర్చిలోకి వచ్చి, మొదటి బెంచీ దాటి, జంపఖానా మీద మా అమ్మ పక్కన కూర్చుంది. బెంచీల వరుసల్లో తలలు తిరిగాయి. పెద్దసారు మోకాళ్ళ నొప్పుల మనిషి, కింద కూర్చోలేరు. తన బెంచీలోనే కూర్చున్నారు.

పాస్టరుగారు కాగితం విప్పారు. నా పేరు, మా నాయన పేరు, ఊరు. ఆమె పేరు, పెద్దసారు పేరు, ఊరు. అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే తెలియజేయాలి అని తల ఎత్తి ఆగారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పెద్దసారు అన్నదమ్ములు కూర్చున్న మూడో బెంచీలో ఎవరో దగ్గారు. బెంచీ కిర్రుమంది.

అప్పుడు పెద్దసారు మొదటి బెంచీలో నుంచి మెల్లగా వెనక్కి తిరిగారు. కళ్ళజోడు కిందికి దించి, వరుస తరువాత వరుసగా, బెంచీల మీద వాళ్ళనూ జంపఖానాల మీద వాళ్ళనూ, తరగతిలో సద్దు వినిపిస్తే చూసే చూపుతో చూశారు. ఆ చర్చిలో సగానికి పైగా ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. దగ్గిన మనిషి రెండోసారి దగ్గలేదు. పాస్టరుగారు కూడా ఆయన శిష్యుడే. ఎప్పుడూ ఆగేంతసేపు ఆగకుండానే తల దించుకుని తరువాతి కీర్తన సంఖ్య చెప్పేశారు.

అందరం లేచి నిలబడ్డాం. నేను కీర్తన పుస్తకం తెరిచాను. పక్కన నిలబడ్డ మా నాయన నా మోచేతిని తట్టి, చెవి దగ్గరికి వంగాడు.

“రెండు పేర్లు ఒకటే తీరుగ చదివిండు. విన్నవా?”

విన్నానని చెప్పాను. పాట మొదలైంది. ఆడవాళ్ళ వైపు నుంచి ఆమె గొంతు అందరికన్నా గట్టిగా వినిపించింది.